కాదు, లేదు, రాదు: ఇంగ్లీషు వ్యతిరేక పదాల లోగుట్టు

గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు చాలా ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. వాళ్లు తెచ్చుకునే గైడు ఎవరు వేసినదైనా, అందులో ‘ఆపోజిట్స్’ అన్న పేజీ ఒకటి తప్పకుండా ఉంటుంది. ఎడమ వరుసలో హ్యాపీ, కుడి వరుసలో అన్‌హ్యాపీ. ఎడమ వరుసలో లీగల్, కుడి వరుసలో ఇల్లీగల్. ఎడమ వరుసలో ఆనెస్ట్, కుడి వరుసలో డిసానెస్ట్. రెండు వరుసలనూ పొల్లు పోకుండా అప్పజెప్పే పిల్లలు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. అయినా ఆ పేజీతో నాకు పేచీయే. ఏ మాటకు ఏ ముక్క తగిలించాలో అది చెబుతుంది గాని, తగిలించిన ముక్క ఎలాంటి నిషేధాన్ని మోసుకొస్తుందో చెప్పదు. అన్నింటికీ ‘కాదు’ అన్న ఒక్క అర్థమే ఉందని పిల్లల మనసులో నాటుకుపోతుంది.

నిజానికి ‘కాదు’ వేరు, ‘లేదు’ వేరు అని తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. ‘ఆయన డాక్టరు కాదు’ అంటే ఆయన మరేదో పని చేస్తున్నాడని, ‘ఊళ్లో డాక్టరు లేడు’ అంటే లోటు ఊరిదని చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. వీటికి తోడు ‘రాదు’, ‘కూడదు’, ‘వద్దు’ ఉన్నాయి. ఉన్నది ఊడితే ‘పోయింది’ అంటాం, గురి కుదరకపోతే ‘తప్పింది’ అంటాం. ఇన్ని రకాల నిషేధాలను మనం మాట చివర పలుకుతాం. ఇంగ్లీషు వాటిలో చాలావాటిని ఉపసర్గలుగా మాట ముందు నిలబెడుతుంది. అన్, ఇన్, నాన్, డిస్, మిస్ అన్నవి ఒకే నిషేధానికి ఐదు పేర్లు కావు. ఒక్కొక్కటి ఒక్కో రకమైన ‘కాదు’. ఆ రకం ఏదో పోల్చుకోవడానికి కావలసిన సరంజామా అంతా మన నోట్లోనే ఉండగా, పిల్లలు రెండు వరుసలు బట్టీ పట్టవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

సంస్కృత వైయాకరణులు ఈ సంగతిని ఏనాడో పట్టుకున్నారు. మాట ముందు చేరే నిషేధానికి వాళ్లు పెట్టిన పేరు నఞ్. హల్లు ముందు అది ‘అ’గా, అచ్చు ముందు ‘అన్’గా కనిపిస్తుంది: అధర్మం, అనర్హత. ఈ ఒక్క నఞ్‌కు సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం అని ఆరు అర్థాలు చెప్పారు. అపాపం అంటే పాపం లేకపోవడం, అది అభావం. అనశ్వం అంటే గుర్రం కాని వేరొక జంతువు, అది అన్యత్వం. అనుదర అంటే పొట్ట లేని పిల్ల కాదు, సన్నని నడుము గల పిల్ల; అది అల్పత్వం. అధర్మం ధర్మానికి ఎదురు నిలిచేది కాబట్టి విరోధం. ఇక అప్రాశస్త్యం అంటే ఏమిటో మా జిల్లా మిర్చి రైతుకు బాగా తెలుసు. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నప్పుడు కురిసే అకాల వర్షం కాలం లేని వాన కాదు, రాకూడని కాలంలో వచ్చిన వాన. అక్కడ ‘అ’ అన్నది కాలాన్ని కొట్టివేయడం లేదు, ఆ కాలం తగనిదని చెబుతోంది. ఇంగ్లీషు పత్రికలు అదే వానను ‘అన్‌సీజనల్’ అన్నప్పుడు వాటి ‘అన్’ చేసే పని కూడా అదే.

ఈ పోలిక కాకతాళీయం కాదు. ఇంగ్లీషు ‘అన్’, లాటిన్ ‘ఇన్’, గ్రీకు ‘అ’, సంస్కృత ‘అ’ నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రం నిర్ధారించింది. గ్రీకులో కూడా హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’ అన్న నియమమే నడుస్తుంది. రక్తం తక్కువైన జబ్బును డాక్టర్లు ఎనీమియా అంటారు. అందులోని ‘అన్’, మన అనర్హతలోని ‘అన్’ అక్కాచెల్లెళ్లు. ఎనార్కీ అంటే ఏలిక లేని స్థితి, అరాచకం అంటే రాజు లేని స్థితి. రెండు భాషలూ విడివిడిగా ఒకే నిషేధంతో ఒకే అర్థం గల మాట కట్టుకున్నాయి.

తెలుగులో ‘అ’ ఏ మాటకు పడితే ఆ మాటకు అతకదు. న్యాయానికి అన్యాయం ఉంది, సత్యానికి అసత్యం ఉంది. మంచికి, తీపికి, చదువుకు అలా ముందు ‘అ’ పెట్టి మాట చేయలేం. అవి దేశ్యాలు కాబట్టి ‘చదువు లేని’, ‘మంచి కాని’ అని వెనకనుంచి నడవాలి. తత్సమానికి తత్సమ నిషేధం, దేశ్యానికి దేశ్య నిషేధం. ఇంగ్లీషులో కూడా ఇలాంటి విభజనే ఉంది. ట్రూ, లా అన్నవి పాత ఇంగ్లీషు మాటలు. వాటికి ‘అన్’ చేరి అన్‌ట్రూ, అన్‌లాఫుల్ అయ్యాయి. లీగల్ లాటిన్ నుంచి వచ్చింది కనుక లాటిన్ ‘ఇన్’తో ఇల్లీగల్ అయింది. అన్‌లీగల్ అని ఎందుకు అనకూడదని పిల్లలు అడిగినప్పుడు నేను ఈ తత్సమ, దేశ్యాల మాటే చెబుతాను. అప్పటిదాకా నిస్సారమైన నియమంగా తోచినది వాళ్లకు ఇంట్లో వ్యవహారంగా తెలిసివస్తుంది.

అయితే ఇంగ్లీషు ‘అన్’ మన ‘లేని’ కంటే చొరవ గలది. కాలక్రమంలో అది లాటిన్ మాటల ముందు కూడా వచ్చి కూర్చుంది. విశేషణాన్ని అన్ఏబుల్ అంటారు, దాని నామవాచకం మాత్రం ఇనబిలిటీ. అన్‌జస్ట్ అంటారు, నామవాచకం ఇన్‌జస్టిస్. అన్ఈక్వల్, ఇన్ఈక్వాలిటీ, అన్‌స్టేబుల్, ఇన్‌స్టెబిలిటీ. ఈ నామవాచకాలు ఫ్రెంచి, లాటిన్ నుంచి తమ ఉపసర్గతో సహా దిగుమతి అయ్యాయి. విశేషణాలకు ఇంగ్లీషువాళ్లు తమ సొంత ‘అన్’ తగిలించుకున్నారు. రెండూ పక్కపక్కనే బతికిన కాలం కూడా ఉంది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన తుది ప్రతిలో ‘అన్ఏలియనబుల్’ అన్న మాట ఉండగా, జెఫర్సన్ రాసిన చిత్తుప్రతిలో అదే చోట ‘ఇన్ఏలియనబుల్’ ఉంది. పరాయిపరచడానికి వీల్లేని హక్కులు అన్న అర్థంలో మార్పేమీ లేదు.

‘ఇన్’ మరో రకంగా కూడా మనకు చుట్టం. అది పక్క అక్షరాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది: ‘ల’ ముందు ఇల్లీగల్, ‘ర’ ముందు ఇర్రెగ్యులర్, ‘ప’ ముందు ఇంపాసిబుల్. సమ్ అన్న ఉపసర్గ లాపంతో కలిసి సల్లాపం అయినట్టే ఇదీ. ‘అన్’ మాత్రం రాతలో ఎక్కడా కరగదు. అన్‌లక్కీ, అన్‌రియల్, అన్‌పెయిడ్ అని తన రూపంతోనే నిలుస్తుంది. ఇది అక్షరాలకు పరిమితమైన విషయం కాదు. ‘అన్’ చేరిన మాటలో అసలు మాట చెక్కుచెదరకుండా వినిపిస్తుంది. ‘ఇన్’ చేరితే ఒక్కోసారి మాట ఉచ్చారణే మారిపోతుంది: ఫేమస్ కాస్తా ఇన్‌ఫమస్, ఫైనైట్ కాస్తా ఇన్‌ఫినిట్. ఉచ్చారణ అంతగా కలిసిపోయిన చోట అర్థం కూడా కొత్త దారి పట్టే అవకాశం ఎక్కువ. ఇన్‌ఫమస్ అంటే పేరు లేనివాడు కాదు, చెడ్డపేరు గలవాడు. మన అపఖ్యాతిలోని ‘అప’ చేసే పని అది. పేరు తెలియనివాడిని చెప్పడానికి అన్‌నోన్ వేరే ఉంది.

ఇన్‌వాల్యుబుల్ ఇంకా ఎక్కువమందిని దారి తప్పిస్తుంది. వాల్యుబుల్ అంటే విలువైనది కాబట్టి ఇన్‌వాల్యుబుల్ అంటే విలువ లేనిదని అనుకుంటారు. ఇక్కడ ‘ఇన్’ నిషేధమే, అందులో సందేహం లేదు. కాని అది విలువను కాదనడం లేదు, విలువ కట్టడాన్ని కాదంటోంది. అమూల్యం అన్న మన మాట సరిగ్గా ఇలాంటిదే: మూల్యం లేనిది కాదు, మూల్యం కట్టలేనిది. అమూల్యం అన్న మాటను ఏ తెలుగు పిల్లవాడూ పొరబడడు. పక్కన అది పెట్టి చూపిస్తే ఇన్‌వాల్యుబుల్‌ను కూడా ఇక జన్మలో పొరబడడు.

కొండపల్లి డిపోల నుంచి పెట్రోలు నింపుకుని వచ్చే ట్యాంకర్ల వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఇక్కడి ‘ఇన్’ అసలు నిషేధమే కాదు. లాటిన్‌లో ‘లోపలికి’ అన్న అర్థం గల ‘ఇన్’ మరొకటి ఉంది. ఇంపోర్ట్‌లో, ఇమ్మిగ్రెంట్‌లో, ఇన్‌వేడ్‌లో ఉన్నది అదే. మంటలోకి పోయేది, భగ్గున అంటుకునేది ఇన్‌ఫ్లేమబుల్. దీన్ని అంటుకోనిదిగా చదివితే ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి, అమెరికాలో అగ్నిప్రమాదాల నివారణకు పనిచేసే జాతీయ సంఘం 1920ల నుంచే ‘ఫ్లేమబుల్’ అని రాయమని కోరుతూ వచ్చింది. ఇప్పుడు అక్కడ అంటుకునేదానికి ఫ్లేమబుల్, అంటుకోనిదానికి నాన్‌ఫ్లేమబుల్ స్థిరపడ్డాయి. మన రోడ్ల మీద పాత మాటే తిరుగుతోంది. డ్రైవర్లకు, పెట్రోలు బంకు కుర్రాళ్లకు అర్థమయ్యేలా పక్కన తెలుగులో కూడా ‘త్వరగా అంటుకుంటుంది’ అని రాయడం తప్పనిసరి కావాలని నా గట్టి అభిప్రాయం. ఇన్‌హాబిటబుల్ కూడా ఈ కోవలోనిదే. నివసించడానికి వీలైనదని దాని అర్థం. వీలు కానిదానికి ముందు మళ్లీ ‘అన్’ పెట్టి అన్ఇన్‌హాబిటబుల్ అంటారు.

ఇక ‘నాన్’ దగ్గరికి వద్దాం. నా లెక్కన పోటీ పరీక్షల పిల్లలు అన్నింటికంటే ముందు పట్టుకోవలసినది దీన్నే, ఎందుకంటే మన పరిపాలన, మన కోర్టులు, మన హోటళ్లు అన్నీ దీని మీద నడుస్తున్నాయి. ‘నాన్’ తిట్టదు, మెచ్చదు, వర్గీకరిస్తుంది. నఞ్ అర్థాల్లో అన్యత్వం దీనిది. నాన్-టీచింగ్ స్టాఫ్‌ను మనం బోధనేతర సిబ్బంది అంటాం. ‘ఇతర’ అన్న ముక్క దాని పనిని కచ్చితంగా చెబుతుంది. నాన్‌వెజ్ అంటే కూరగాయల లోపం కాదు, అది రెండో రకం భోజనం. విజయవాడ నెహ్రూ బస్టాండులో గుంటూరు నాన్‌స్టాప్ బస్సు ఎక్కితే అది మధ్యలో ఎక్కడా ఆగదు; అంతమాత్రాన అది అన్‌స్టాపబుల్ కాదు. ఆపతరం కానిదానికి ఆ మాట వాడతారు.

నిరుడు ఒక అమ్మాయి పాలిటీ నోట్సులో ‘నీతి ఆయోగ్ నాన్-కాన్‌స్టిట్యూషనల్ బాడీ’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, “సార్, రాజ్యాంగ విరుద్ధమైన సంస్థను ప్రభుత్వమే ఎలా నడుపుతుంది?” అని అడిగింది. ఆ ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. అక్షరం అక్షరం చదివి, అర్థం కుదరక అడిగిన ప్రశ్న అది.

“రాజ్యాంగ విరుద్ధం అనడానికి ఇంగ్లీషులో ఏమంటారమ్మా?”

“అన్‌కాన్‌స్టిట్యూషనల్, సార్.”

“మరి ఇక్కడున్నది?”

ఆ అమ్మాయి కాసేపు చూసి, “అంటే... రాజ్యాంగంలో పుట్టలేదని మాత్రమేనా, సార్?” అంది. అంతే. ఎన్నికల సంఘం 324వ అధికరణం నుంచి పుట్టింది కనుక కాన్‌స్టిట్యూషనల్. నీతి ఆయోగ్ 2015 జనవరి 1న కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో ఏర్పడింది కనుక నాన్-కాన్‌స్టిట్యూషనల్. రాజ్యాంగాన్ని ఉల్లంఘించిందని కోర్టు కొట్టివేసే చట్టం అన్‌కాన్‌స్టిట్యూషనల్. ‘నాన్’ ఎక్కడ పుట్టిందో చెబుతుంది, ‘అన్’ తీర్పు చెబుతుంది. ఈ తేడా మీద ఒక దేశం కమిటీయే వేసింది. 1938లో అమెరికా ప్రతినిధుల సభ ఏర్పాటు చేసిన విచారణ కమిటీ పేరులో ‘అన్అమెరికన్’ అన్న మాట ఉంది. నాన్-అమెరికన్ అంటే పరదేశి; అన్అమెరికన్ అన్న ముద్ర ఎక్కువగా పడింది అమెరికా పౌరుల మీదనే.

నాన్‌బెయిలబుల్ అన్న మాట మన దినపత్రికల్లో రోజూ కనిపిస్తుంది, రోజూ పొరపాటుగానే అర్థమవుతుంది. నాన్‌బెయిలబుల్ కేసు పెట్టారంటే ఇక బెయిలు రాదని ఇళ్లల్లో ఏడుపులు మొదలవుతాయి. అది ‘రాదు’ అనే నిషేధం కాదు. బెయిలబుల్ నేరంలో బెయిలు నిందితుడి హక్కు. తగిన పూచీ ఇస్తే విడుదల చేయవలసిందే. ఆ వర్గంలోకి రాని నేరాలు నాన్‌బెయిలబుల్. వాటిలో హక్కుగా అడగడానికి లేదు, ఇవ్వాలో వద్దో కోర్టు విచక్షణ. పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో కూడా ఈ విభజన అలాగే కొనసాగుతోంది. ‘హక్కుగా రాని బెయిలు’ అని తెలుగులో రాస్తే ఎన్నో కుటుంబాలకు ఆ రాత్రి కొంత ధైర్యం ఉంటుంది. పత్రికలవాళ్లు ఈ విషయం ఆలోచించాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

‘డిస్’ లాటిన్‌లో ‘విడిగా, దూరంగా’ అన్న అర్థం గలది. ఉన్న బంధం తెగిందని, ఉన్నది పోయిందని అది చెబుతుంది. కొత్తగా కట్టుకున్న ఇంటికి ఇంకా కరెంటు ఇవ్వకపోతే ఆ ఇల్లు అన్‌కనెక్టెడ్. బిల్లు కట్టలేదని లైన్‌మన్ వచ్చి తీగ కత్తిరించిపోతే డిస్‌కనెక్టెడ్. రెండిళ్లలోనూ చీకటే, కాని ఒకటి ‘లేదు’, రెండోది ‘పోయింది’. కొని పెట్టె కూడా విప్పని వస్తువు అన్‌యూజ్డ్. కృష్ణా కాలువల్లో పడవలు నడిచిన కాలంలో వాటిని దాటించిన లాకులు డిస్‌యూజ్డ్. ఒకప్పుడు వాడుకలో ఉండి ఇప్పుడు వాడుక తప్పినవి. అధికారాన్ని చెడు పనికి వాడితే మిస్‌యూజ్డ్. ఒక్క ‘యూజ్’కు మూడు ఉపసర్గలు చేరి మూడు వేర్వేరు కథలు చెబుతాయి.

అసంఘటిత రంగం అని మనం అనేదాన్ని ఇంగ్లీషులో అన్ఆర్గనైజ్డ్ సెక్టర్ అంటారు. 2008లో ఆ రంగపు కార్మికుల సామాజిక భద్రతకు వచ్చిన చట్టం పేరులో ఉన్నది కూడా అదే మాట. దీన్ని డిసార్గనైజ్డ్ అని రాసిన వ్యాసాలు నేను దిద్దుతూనే ఉంటాను. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడకూలీల పని ఒక్కసారి దగ్గరగా చూడండి. కాయను వేళ్ల మధ్య తిప్పి తొడిమను ఒక్క గిల్లులో తీసేస్తారు, తాలుకాయను చూపు ఆనకుండానే వేరు చేస్తారు, ఘాటుకు మూతికి కట్టుకున్న గుడ్డ జారకుండా గంటల తరబడి అదే లయలో సాగుతారు. అందులో గందరగోళం ఎక్కడుంది? డిసార్గనైజ్డ్ అంటే క్రమం చెదిరినదని. వాళ్లకు లేనిది క్రమం కాదు. పీఎఫ్, సెలవు, పింఛను లేవు. ‘డిస్’ అంటే లోపం వాళ్ల పనిలో ఉందని చెప్పినట్టు అవుతుంది, ‘అన్’ అంటే లోపం ఏర్పాటులో ఉందని చెప్పినట్టు అవుతుంది.

స్వాతంత్ర్యోద్యమం చదివేటప్పుడు కూడా ఈ తేడా దారి చూపిస్తుంది. 1920లో మొదలైనది నాన్-కోఆపరేషన్, 1930లో మొదలైనది సివిల్ డిసొబీడియన్స్. మొదటిది సహాయ నిరాకరణం: బిరుదులు వదులుకోవడం, సర్కారు బడులకు, కోర్టులకు వెళ్లకపోవడం. ఇవేవీ చట్టాన్ని ఉల్లంఘించే పనులు కావు, సర్కారుతో చేయి కలపకపోవడం మాత్రమే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ కోరినవి కూడా తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు. ఉప్పు చట్టాన్ని అందరూ చూస్తుండగా ధిక్కరించడం ‘డిస్’. తెలుగులో దానికి శాసనోల్లంఘనం అన్న పేరు ఎంతో సరిగ్గా కుదిరింది. ఈ రెండింటి సరిహద్దు మీద నిలిచినది మా గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు. 1921 చివర, 1922 మొదట్లో అక్కడి రైతులు పన్ను కట్టబోమన్నప్పుడు ‘నాన్’ కాస్తా ‘డిస్’ వైపు అడుగు వేసింది.

డిసింటరెస్టెడ్, అన్ఇంటరెస్టెడ్ అన్న జంట గురించి ఒక్క మాట. ఇంటరెస్ట్‌కు ఆసక్తి అన్నది ఒక అర్థం, స్వప్రయోజనం అన్నది మరొకటి. ‘అన్’ ఆసక్తిని తీసివేస్తుంది, ‘డిస్’ స్వప్రయోజనాన్ని తీసివేస్తుంది. జడ్జి డిసింటరెస్టెడ్‌గా ఉండాలి, అన్ఇంటరెస్టెడ్‌గా ఉండకూడదు. పదిహేడో శతాబ్దంలో ఈ రెండు మాటలూ ఒకదాని అర్థంలో మరొకటి నడిచాయి కాబట్టి, ఇప్పటి ఇంగ్లీషువాళ్లు తడబడినా ఆశ్చర్యం లేదు. ‘డిస్’ గురించి చెబుతున్నప్పుడు నాకు ఇష్టమైన మరో మాట డిజాస్టర్. అందులో దాగి ఉన్నది ఆస్టర్, అంటే నక్షత్రం. నక్షత్రం అనుకూలించకపోవడమే డిజాస్టర్. గ్రహచారం బాగాలేదని మన పెద్దవాళ్లు అనేది దీన్నే.

‘మిస్’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది తప్పుగా జరిగిన పని. తాళంచెవి ఎక్కడో పెట్టి మరచిపోతే మిస్‌ప్లేస్డ్. పులిచింతల ప్రాజెక్టు కింద ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు డిస్‌ప్లేస్డ్, అంటే నిర్వాసితులు. వరద రోజుల్లో ‘కట్ట మళ్లీ తెగింది’ అన్న కబురును నిజమని నమ్మి బంధువులకు పంపితే అది మిసిన్ఫర్మేషన్. అబద్ధమని తెలిసి పుట్టించినవాడిది డిసిన్ఫర్మేషన్.

మా వీధిలో ఉండే ఒకావిడ తన భర్త కడుపు స్కానింగ్ రిపోర్టు పట్టుకుని ఒక సాయంత్రం కంగారుగా వచ్చారు. ఇంటరు చదువుతున్న వాళ్లబ్బాయి దాన్ని ఇంట్లో చదివి వినిపించాడట. “మాస్టారూ, లివరు పక్కన, స్ప్లీను పక్కన, కిడ్నీల పక్కన అన్నిచోట్లా ‘అన్‌రిమార్కబుల్’ అని రాశారు. రిమార్కబుల్ అంటే గొప్పదట, అన్ అంటే కాదట. అన్నీ పాడయ్యాయా మాస్టారూ?” అని అడుగుతున్నప్పుడు ఆవిడ చెయ్యి వణుకుతోంది. వైద్యులు ఆ మాటను అసలు అర్థంలో వాడతారు. రిమార్క్ అంటే గమనించి చెప్పడం. చెప్పడానికి ఏమీ కనిపించలేదు కాబట్టి అన్‌రిమార్కబుల్. “వంక పెట్టడానికి ఏమీ లేదని రాశారమ్మా. మిగతాది డాక్టరుగారు చూసి చెబుతారు” అన్నాను. ‘వంక పెట్టడానికి లేదు’ అన్న మాట వినగానే ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. రిపోర్టు ఇచ్చేవాళ్లు ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్పి పంపితే ఆవిడకు ఆ రెండు గంటల భయం ఉండేది కాదు. ఆస్పత్రి కాగితాల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఎసింప్టమాటిక్ అంటే జబ్బు లేదని కాదు, లక్షణాలు లేవని. 2020లో ఈ ఒక్క మాట అర్థం కాక ఎంతోమంది జాగ్రత్త తీసుకోలేదు. ఎసెప్టిక్ అంటే క్రిములు లేని స్థితి, యాంటీసెప్టిక్ అంటే క్రిములకు ఎదురు నిలిచే మందు.

‘అన్’ క్రియకు చేరినప్పుడు అది నిషేధం కాదు, విప్పడం. అన్‌టై, అన్‌ప్యాక్, అన్‌లాక్ అన్నవాటిలోని ‘అన్’కు పుట్టుకే వేరు, పాత ఇంగ్లీషులోని మరో ఉపసర్గ కాలక్రమంలో దీనితో కలిసిపోయింది. 2009లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు ఆ ఏటి మాటగా ఎంచుకున్న అన్‌ఫ్రెండ్ ఈ తెగలోదే. అందుకే అన్‌లాకబుల్ అన్న మాటకు రెండు అర్థాలు పొసగుతాయి: తాళం వేయడానికి వీల్లేని తలుపు ఒకటి, తాళం తీయడానికి వీలైన తలుపు మరొకటి. తెలుగులో ఈ రెండూ ఎన్నటికీ కలవవు.

‘ఏబుల్’ అన్న ముక్క చివర ఉన్నప్పుడు మరో చిక్కు ఉంది. అది ‘చేయడానికి శక్యం’ అన్నది చెబుతోందా, ‘చేయడానికి అనుమతి’ అన్నది చెబుతోందా అన్నది మాటలో కనిపించదు. అన్‌టచబుల్ దీనికి నిలువెత్తు ఉదాహరణ. ఎవరూ చేరలేని ఎత్తుకు ఎదిగిన ఆటగాణ్ణి ఇంగ్లీషు వ్యాఖ్యాతలు మెచ్చుకుంటూ అన్‌టచబుల్ అంటారు. అదే మాటను మన దేశంలో తరతరాలపాటు మనుషులను వెలివేయడానికి వాడారు. తెలుగు ఈ రెండింటినీ వేర్వేరుగా పలుకుతుంది. మొదటిది అందరాని, రెండోది అంటరాని. ‘అందరాని’లో రాదు అంటే శక్యం కాదు. ‘అంటరాని’లో రాదు అంటే కూడదు. ఎవరో విధించిన ఆంక్ష అది, ఆ మనిషిలో ఉన్న గుణం కాదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంలో అన్‌టచబిలిటీని రద్దు చేసింది. రద్దు చేయగలిగింది అది విధించిన ఆంక్ష కాబట్టే. ఈ అధికరణాన్ని చెప్పే రోజు నేను ముందుగా ఈ రెండు తెలుగు మాటలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తాను.

చివరగా, పరీక్షల్లో పాసేజీ కింద ఇచ్చే ప్రశ్నల్లో ‘నాట్ అన్‌హ్యాపీ’, ‘నాట్ అన్‌కామన్’ అన్న ప్రయోగాలు తరచు వస్తాయి. లెక్కల్లో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అయినట్టు ఇక్కడ రెండు నిషేధాలను కొట్టివేసి హ్యాపీ అని గుర్తు పెడతారు. అన్‌హ్యాపీ అంటే సంతోషం లేకపోవడం మాత్రమే కాదు, దుఃఖం. సంతోషానికి, దుఃఖానికి నడుమ బోలెడంత చోటు ఉంది. నాట్ అన్‌హ్యాపీ ఆ నడిమి చోటును కూడా కలుపుకుంటుంది. ‘ఇష్టం లేక కాదు’ అని మనం అన్నప్పుడు ఎంతో ఇష్టమని చెప్పడం లేదు కదా. ‘అన్’ ఎక్కువగా మంచి మాటలనే ఎంచుకుంటుందన్నది కూడా గుర్తుంచుకోవాలి: అన్‌హ్యాపీ, అన్‌వైజ్, అన్‌కైండ్ ఉన్నాయి గాని అన్‌శాడ్, అన్‌ఫూలిష్, అన్‌క్రూయల్ వాడుకలో లేవు. సంస్కృతం అహింస, అభయం, అస్తేయం అని చెడును కాదనే మాటలను కూడా ధారాళంగా కట్టుకుంది. అహింసకు ఇంగ్లీషు ‘అన్’ అక్కరకు రాక ‘నాన్’ పెట్టి నాన్‌వయొలెన్స్ అనవలసి వచ్చింది.

నడిమి చోటు లేని జంటలు మాత్రం వేరు. మ్యారీడ్, అన్‌మ్యారీడ్ మధ్య ఏమీ ఉండదు; నాట్ అన్‌మ్యారీడ్ అంటే పెళ్లయిందనే. కాకపోతే భర్త పోయిన స్త్రీ, విడాకులు పొందిన స్త్రీ కూడా ఇంగ్లీషు అన్‌మ్యారీడ్‌లోకి రావచ్చు. మన ‘అవివాహిత’లోకి రారు. దరఖాస్తు నింపేటప్పుడు ఆ గళ్లు విడిగా ఉన్నాయో లేదో చూసుకుని అప్పుడు టిక్కు పెట్టమని మా పిల్లలకు చెబుతాను.